బిగువు

ఆ చప్పుడు పగలు వినపడేది కాదు. కుక్కరు ఈలలు, మిక్సీ రొద, పక్క ఫ్లాటు వాళ్ళ టీవీ సీరియలు, వీటన్నిటి నడుమ ఒక నీటిబొట్టు గొంతు ఎవరికి ఆనుతుంది? రాత్రి పదకొండు దాటి వీధి సద్దుమణిగాక మొదలయ్యేది. సింకులో కంచం బోర్లించి ఉంటే ఠంగుమనేది. నానేసిన గిన్నె ఉంటే టుప్పున మునిగేది. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం వయసేనని మా ఆవిడ అంటుంది. కావచ్చు. కానీ ఒక బొట్టు పడ్డాక రెండో బొట్టు కోసం చెవి కాచుకుని కూర్చుంటుంది చూడండి, ఆ కాచుకోవడానికి వయసుతో పనిలేదు. మూడోనాటి రాత్రి ఆవిడే లేచి కుళాయి మూతికి ఒక పాత గుడ్డపీలిక కట్టి, దాని కొస సింకు కన్నంలోకి వదిలింది. నీళ్ళు గుడ్డ వెంట నిశ్శబ్దంగా జారిపోయాయి. "ఇంక పడుకోండి" అంది. పడుకున్నాను. ఆ రాత్రి బొత్తిగా నిద్ర లేదు. చప్పుడు చేస్తూ కారినన్నాళ్ళూ అది కుళాయి బాధగా ఉండేది. చప్పుడు మానేసి కారడం మొదలెట్టాక అదేమిటో నా బాధ అయిపోయింది.

మరునాడు గుడ్డ తీసేసి కుళాయి కింద రెండు లీటర్ల గిన్నె పెట్టాను. పదింటికి పెట్టిన గిన్నె తెల్లారి ఆరింటికి అంచుదాకా వచ్చి, బొట్టు పడినప్పుడల్లా ఒళ్ళు జలదరించినట్టు కదులుతోంది. ఎనిమిది గంటల్లో రెండు లీటర్లు, అంటే రోజుకి ఆరు. మనిషి తాగే నీళ్ళ లెక్కన చూసుకుంటే మా వంటింట్లో కనపడని మనుషులు ఇద్దరు కాపరం ఉంటున్నట్టే. పైగా జూన్ నెల. హైదరాబాదులో బోర్లు బురద కక్కే నెల, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ట్యాంకరు డబ్బుల దగ్గర పెద్దమనుషులు చిన్నమాటలు అనుకునే నెల. ఆ గ్రూపులో 'నీటిని పొదుపుగా వాడుదాం' అంటూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది మరెవరో కాదు, నేనే. గిన్నెలో నీళ్ళు తులసికోటలో పోసి వచ్చి ఆ బొమ్మని ఒకసారి చూసుకున్నాను.

మా కాలనీ ప్లంబరుది ఒడిశా, కేంద్రాపడా జిల్లా. అక్కడ పట్టాముండై అనే ఊరి నుంచీ దాని చుట్టుపట్ల పల్లెల నుంచీ బయల్దేరిన ప్లంబర్లు దేశంలో పెద్ద నగరాలన్నిటా ఉన్నారని అతను చెబితే, సొంత ఊరి గొప్ప అనుకున్నాను. తర్వాత చదివితే నిజమే. ఆ పని నేర్పడానికి అక్కడ ప్రభుత్వ సంస్థే ఉంది. మనకి నాట్యాచార్యులంటే కూచిపూడి, కొయ్యబొమ్మలంటే కొండపల్లి ఎలాగో, గోడలో పైపులంటే ఆ ఊరు అలాగన్నమాట. నదులు సముద్రంలో కలిసే డెల్టాలో పుట్టి, వరదలు చూస్తూ పెరిగినవాళ్ళు నీళ్ళని అరంగుళం సందులోంచి నడిపించే పనిలోకి ఎందుకు దిగారో అతన్నే అడగాలని ఎన్నోసార్లు అనుకుని మానేశాను. ఫోను చేస్తే ఊళ్ళో ఉన్నానన్నాడు. రజ పండగ. జూన్ నడిమికి వచ్చే ఆ పండగ మూడు రోజులూ భూదేవి బహిష్టులో ఉంటుందని అక్కడి నమ్మకం. నాగలి ముట్టరు, నేల తవ్వరు, ఆడపిల్లలు చెట్లకి ఉయ్యాలలు కట్టుకుని ఊగుతారు. "పది రోజుల్లో వస్తా సార్, అప్పటిదాకా బకెట్ పెట్టండి" అన్నాడు, ఉయ్యాల ఊపుతున్న మనిషికుండే తీరిక గొంతులో వినిపిస్తుండగా.

ఇంకో ప్లంబరుని పిలవచ్చు. ఫోనులో వేలు ఆనిస్తే గంటలో చొక్కా మీద బొమ్మ వేసుకున్న కుర్రాడు వస్తాడు. ఎందుకు పిలవలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కొంత కారణం మా అమ్మాయి. టెక్సస్‌లో ఉంటుంది. కిందటేడు వాళ్ళ వంటింటి కుళాయి తనే మార్చుకుంది. అక్కడ ప్లంబరు గడప తొక్కితే చాలు బిల్లు మొదలవుతుందట. సింకు కింద అలమరలోకి వెల్లకిలా దూరి, ఫోను లైటు నోట కరుచుకుని, చెయ్యి పట్టని సందులో ఉన్న నట్టుని ఏదో పొడుగుమెడ రెంచితో తిప్పి తీశానని వీడియోలో చూపించింది. ఇద్దరు పిల్లల తల్లి, చదివింది కంప్యూటర్లు. ఆ రోజు ముఖాన అంటిన నల్లటి గ్రీజు మరకని తుడుచుకోకుండానే మాట్లాడింది. అది చూస్తుంటే వెలిగినంతగా, నాకు ఎంఏలో గోల్డ్ మెడల్ వచ్చిన రోజున కూడా నా ముఖం వెలగలేదని మా ఆవిడ సాక్ష్యం. ఇప్పుడు నా కుళాయి సంగతి చెబితే, "నువ్వే మార్చెయ్ నాన్నా, సింకు కింద షటాఫ్ వాల్వు ఉంటుందిగా, అది కట్టెయ్" అంది. వంగి చూశాను. సింకు కింద ఫినాయిల్ సీసా, పాత పేపర్లు, ఒక బొద్దింక ఉన్నాయి. వాల్వు లేదు. మన కుళాయిలు చాలావరకు సింకు మీద నిలబడవు, గోడలోంచి నేరుగా మొలుచుకొస్తాయి.

ముప్పై రెండేళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాడికి ఏ వస్తువు చెడినా ముందు దాని పేరు గుర్తొస్తుంది, పానా తర్వాత. నేను కుళాయి అంటాను. మా ఆవిడది గుంటూరు వైపు, పంపు అంటుంది. వాచ్‌మన్ నల్లా అంటాడు. 1908లో మూసీ ఊరిని ముంచేశాక కట్టి, 1920లో పూర్తిచేసిన గండిపేట నీళ్ళు హైదరాబాదు ఇళ్ళలోకి వచ్చింది ఆ నల్లాల్లోంచే. మూడు పేర్లలోనూ తిప్పే పిడి గానీ, కారే మూతి గానీ లేదు. నల్లాలో ఉన్నది గొట్టం, కుళాయిలో ఉన్నదీ తమిళం వైపు నుంచి వచ్చిన గొట్టమే, పంపు సంగతి సరేసరి. ఆపేదానికి తెలుగులో సొంత పేరు లేకపోవడం ఏమిటి? బావి నుంచి తోడుకున్న జాతికి ఆపాల్సిన అవసరం రాలేదు కాబోలు. చేద వదిలేస్తే నీళ్ళు ఆగినట్టే. ఇక శ్రీనాథుడు కన్నడ రాజ్యానికి పోయి తంటాలు పడి తలకెక్కించుకున్న కుళ్ళాయికీ దీనికీ చుట్టరికం లేదు, అది టోపీ. ఏటా ఎవడో ఒక కుర్రాడు ఆ పద్యం దగ్గర "నెత్తిమీద పంపు పెట్టుకున్నాడా మాస్టారూ?" అనేవాడు. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

తెనాలిలో మేమున్న ఇల్లు నాలుగు వాటాలు. పెరట్లో మున్సిపాలిటీ కుళాయి ఒకటే. తెల్లవారుజామున నీళ్ళ కంటే ముందు గాలి వచ్చేది, ముసలాయన దగ్గినట్టు రెండుసార్లు దగ్గి, బుస్సుమని, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత తెల్లనీళ్ళు. ఆ దగ్గుకి నాలుగు వాటాల్లోనూ బిందెలు కదిలేవి. అంతమంది చేతులు పడే కుళాయికి వాషరు ఎన్నాళ్ళాగుతుంది? అరిగిందంటే మా నాన్నే. ఎలిమెంటరీ స్కూలు మాస్టరు, అయినా సైకిలు పంచరు దగ్గర్నుంచి నులకమంచం అల్లిక దాకా ఆయన చేతిలోనే ఉండేవి. అరిగిన తోలుచెప్పు అడుగు ముక్కని బ్లేడుతో గుండ్రంగా చెక్కి, నడుమ మేకుతో కన్నం పొడిచి, పెదాల మధ్య పట్టుకుని తడిపేవారు. తోలు తడిస్తే మెత్తబడి బాగా కూచుంటుందట. నా ఉద్యోగం పానా అందించడం. ఒక్కసారి కూడా తిప్పనివ్వలేదు. చెయ్యి చాపితే "నీకెందుకురా, పోయి చదువుకో" అనేవారు, కోపంగా కాదు, కంచంలో మంచి ముక్క నా వైపు తోసే గొంతుతో. ఒకసారి అడిగాను, ఎంత బిగించాలి నాన్నా అని. "అదే చెబుతుంది" అన్నారు. నేను కుళాయికి చెవి ఆనించి చాలాసేపు విన్నాను. ఆయన నవ్వలేదు, విననిచ్చారు.

చదువుకో అన్నారు, చదువుకున్నాను. ఆ మాట విన్న పిల్లలు మా తరంలో ఎంతమంది! మేస్త్రీ పని మాటకొస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాం, పెళ్ళిలో పురోహితుడి పక్కన నిలబడ్డట్టు. మా నాన్నకి చేతులున్నాయి, నా కూతురికి చేతులున్నాయి. నడుమ నేనొక్కణ్ణే మణికట్టు దగ్గర ఆగిపోయాను. ఆయన ప్రేమగా తప్పించింది పనినా, పని వెనకున్న చిన్నచూపునా? తనకి తెలిసిన పనిని తనే తక్కువ చేసుకుని నన్ను దూరంగా నెట్టారా? ఇది ఆయన్ని అడగాల్సిన ప్రశ్న. అడగాలని తోచే నాటికి ఆయన లేరు.

శానిటరీ షాపు కుర్రాడు నా కుళాయి కోరికని వినగానే మూడు ప్రశ్నలు వరసగా వేశాడు. "వాల్ మౌంటా, టేబుల్ మౌంటా? ఫుల్ టర్నా, క్వార్టర్ టర్నా? మెడ తిరగాలా అంకుల్?" మొదటి బెంచీలో కూర్చోబెట్టి లేపిన విద్యార్థిలా గుటకలు మింగాను. జాలిపడి రెండు కుళాయిలు ముందు పెట్టాడు. ఫుల్ టర్ను అంటే మా నాన్న కుళాయే. పిడి తిప్పితే మర కిందికి దిగి, దాని కొసనున్న వాషరు నీటి దారి మీద కూర్చుని నొక్కుతుంది. ఇంగ్లండులో రోథర్‌హామ్ అనే ఊళ్ళో ఇత్తడి పోతపోసే గెస్ట్ అండ్ క్రైమ్స్ వాళ్ళు 1845లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. కొత్తదానికి వాషరు లేదు. లోపల రెండు పింగాణీ బిళ్ళలు అద్దాల్లా నున్నగా చెక్కి ఒకదాని మీద ఒకటి పెట్టి ఉంటాయి. పావు చుట్టు తిప్పితే కన్నాలు ఎదురుబొదురై నీళ్ళొస్తాయి, తిరిగి వెనక్కి తిప్పితే ఒకదాన్నొకటి మూసేసుకుంటాయి. నొక్కడం లేదు, అరగడం తక్కువ, ఒక్క ఇసుక రేణువు పడిందా గీత పడిపోతుంది. "ఇది పాడైతే బాగుచేసుకోవచ్చా?" అని అడిగాను. "లోపలి కార్ట్రిడ్జి మొత్తం మార్చడమే" అన్నాడు. చెప్పుతోలు కాలం పోయిందన్నమాట. పావు చుట్టుదే తీసుకున్నాను. ఎందుకంటే మా ఆవిడకి మణికట్టు నొప్పి.

"హాఫ్ ఇంచ్ అంకుల్, అన్నిటికీ సరిపోద్ది" అన్నాడు. ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిచాను. కుళాయి మరల దగ్గర అడ్డంగా దాదాపు ఇరవై ఒక్క మిల్లీమీటర్లుంది. అరంగుళం అంటే పదమూడు కూడా కాదు కదా! మోసపోయాననే అనుకున్నాను. తీరా చూస్తే అది పాత ఇనప గొట్టాల నాటి పేరు. లోపలి బోలు అరంగుళం ఉండే గొట్టానికి పైన దళసరి కలిసేసరికి అంతయింది. గొట్టాలు మారాయి, పేరు మారలేదు. ఆ మరలకి అంగుళానికి పద్నాలుగు చుట్లు, చుట్టుకీ చుట్టుకీ నడుమ లోయ యాభై అయిదు డిగ్రీలు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1841లో ప్రతిపాదించిన కొలత నుంచి వచ్చిన లెక్క. అప్పటిదాకా ఏ కార్ఖానా మర దానిదే, ఒకచోటి నట్టు ఇంకోచోటి బోల్టుకి ఎక్కేది కాదు. ఇది చదువుతుంటే నాకు ఛందస్సు పాఠమే గుర్తొచ్చింది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి అని ఎవరో కట్టడి చేయబట్టే కదా, రాజమండ్రిలో ఒకరు ఎత్తుకున్న పద్యాన్ని ఓరుగల్లులో ఇంకొకరు పూరించగలిగేది. పదహారేళ్ళ కిందట ఏ మేస్త్రీయో మా గోడలో పూడ్చిన ఎల్బో, నిన్న షాపులో కొన్న కుళాయి, ఒకదాని మొహం ఒకటి చూసి ఎరగవు. కానీ గణాలు కలుస్తాయి.

ఇక నీళ్ళు ఆపడం. దీనికి పట్టిన సమయం కుళాయి మార్చడానికి పట్టలేదు. మా వంటింటికి వచ్చే గొట్టం డాబా మీది ట్యాంకు నుంచి దిగుతూ ఐదు అంతస్తుల్లో ఐదు వంటిళ్ళకీ నీళ్ళు పంచుకుంటూ వస్తుంది. వాల్వు ఒక్కటే, పైన. నా కుళాయి విప్పాలంటే ఐదు పొయ్యిల దగ్గర నీళ్ళు ఆగిపోవాలి. పదహారేళ్ళుగా ఒకే గొట్టం నీళ్ళు తాగుతున్నామని ఆ రోజే తెలిసింది మాకందరికీ. తలుపు తలుపు తట్టి "పదకొండు నుంచి పన్నెండు దాకా" అని చెప్పుకున్నాను. మూడో అంతస్తు పెద్దావిడ "ప్లంబరు దొరకలేదా మాస్టారూ?" అంది. నేనే మారుస్తున్నానంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగో అంతస్తాయన మరీ పెద్దమనసుతో "డబ్బులకి ఇబ్బందైతే చెప్పండి" అన్నాడు. చూశారా, చదువుకున్నవాడు పానా పట్టుకుంటే మన దగ్గర దానికి రెండే అర్థాలు, పిచ్చో, దరిద్రమో. డాబా మీద ఏడు వాల్వులున్నాయి, ఒక్కదానికీ పేరు రాసి లేదు. వాచ్‌మన్ ఒక్కొక్కటే తిప్పుతూ పోతుంటే, నేను కింద కుళాయి దగ్గర నిలబడి ఫోనులో "ఇది కాదు, ఇదీ కాదు" అంటూ ఉన్నాను. ఐదోది మాది. ఎన్నేళ్ళుగానో తిప్పక బిగుసుకుపోయి ఉంది, పూర్తిగా మూసుకోలేదు. సన్నని ధార మిగిలింది. అదీ మంచిదే, తడి చూసి పని చేస్తున్నాననే భయం నిలిచింది.

పాత కుళాయి మొండిగా ఉంది. బోరునీటి ఉప్పు మరల సందుల్లో సున్నంలా గట్టిపడి రెండిటినీ కలిపేసింది. వెనిగరులో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచమని మా అమ్మాయి సలహా. తర్వాత పానా పట్టించి ఎడమకి తిప్పాను. కదల్లేదు. ఒళ్ళు బరువంతా వేస్తే కిర్రుమంది. ఆ కిర్రు వినగానే గుండె జారింది, ఎందుకంటే గోడ లోపల ఉన్నది ప్లాస్టిక్ ఎల్బో, అది పగిలితే టైల్స్ పగలగొట్టాలి, ఐదు అంతస్తుల మంచితనమూ ఒక పూటకి మించి నిలవదు. కాని కిర్రుమన్నది ఉప్పే. చుట్టు చుట్టుకీ తేలికవుతూ వచ్చి చేతిలో పడింది. వెలుతురులో తిప్పి చూస్తే, వేళ్ళు పడే చోట క్రోమియం పూత అరిగిపోయి లోపల పసుపు రంగు తేలింది. ఇత్తడి! మా అమ్మ చింతపండుతో తోమిన బిందె రంగు. పదహారేళ్ళు వెండిలా తళతళలాడుతూ వంటింట్లో నిలబడ్డది మా పెరటి చుట్టమేనన్నమాట.

కొత్తదాని మరలకి తెల్లటి టేపు చుట్టాలి. మా చిన్నప్పుడు జనపనార పీచుకి సఫేదా పూసి చుట్టేవారు, ఆ వాసన ఇంకా ముక్కులో ఉంది. ఈ టేపుకి వాసన లేదు, జిగురూ లేదు. టెఫ్లాన్. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో న్యూజెర్సీలోని డూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనే కుర్ర శాస్త్రవేత్త ప్రయోగంలో గ్యాసు సిలిండరు వాల్వు తెరిచారు. ఏమీ రాలేదు. తూకం చూస్తే బరువు అలాగే ఉంది. సిలిండరు కోయించి చూస్తే లోపల గ్యాసు గడ్డకట్టి తెల్లని జారుడు పొడి. వాల్వు తిప్పినా ఏమీ రాని చోట దొరికిన వస్తువు, ఇప్పుడు కుళాయి కట్టేస్తే ఏమీ రాకుండా చూసే పనిలో స్థిరపడింది. ఈ సంగతి మా ఆవిడకి చెప్పబోతే "ముందు అది చుట్టండి, పన్నెండవుతోంది" అంది.

చుట్టాను. బిగిస్తుంటే టేపు సేమ్యాలా ఉండలు కట్టి బయటికొచ్చింది. చుట్టాల్సిన వైపుకి కాక ఎదురు చుట్టానట. మర ఎటు తిరిగి లోపలికి పోతుందో టేపూ అటే తిరగాలి, లేకపోతే గోడ దాన్ని విప్పుకుంటూ పోతుంది. మళ్ళీ పదిహేను చుట్లు, ఈసారి సరైన వైపు. లోపలికి పోతూ పోతూ గట్టిపడింది. గట్టిపడే సమయానికి కుళాయి మూతి పక్కనున్న బియ్యం డబ్బా వైపు చూస్తోంది. ఇక్కడే ఉంది అసలు చిక్కు, ఇది ఏ వీడియోలోనూ ఎవరూ ఒత్తి చెప్పలేదు. కుళాయికి బిగుతు ఒక్కటే చాలదు, బిగిసేసరికి ముఖం కిందికి ఉండాలి. కొంచెం వెనక్కి తిప్పి సరిచేద్దామంటే టేపు పట్టు పోయి కారుతుంది. ముందుకే తిప్పాలంటే ఇంకో ముప్పావు చుట్టు. అంత పడుతుందా, పగులుతుందా? మణికట్టు మీద పానా బరువు, పానా మీద నా ఊపిరి. పదేళ్ళ వయసులో చెవి ఆనించి విన్నది గుర్తొచ్చింది. ఏమీ వినపడలేదు. కానీ చేతికి ఏదో అందింది. అరచేతి మడమ దగ్గర ఒక మెత్తదనం, ఇంకా చోటుంది అన్నట్టు. తిప్పాను. అర చుట్టు దాటాక ఆ మెత్తదనం పోయి, నాకు తెలియని ఒక గట్టిదనం ఎదురొచ్చింది. ఆగిపోయాను.

'బిగువు' అనే మాటని ముప్పై రెండేళ్ళు వాడాను. పద్యానికి బిగువుంది, ఈ సమాసంలో బిగి సడలింది, ఈ కవి నడకలో బిగువు తక్కువ అని ఎన్ని పేపర్ల మార్జిన్లలో రాశానో! ఒక ఏడాది వెనక బెంచీ పిల్ల లేచి, "బిగువంటే ఎంత సార్? ఎక్కడ ఆగాలి?" అంది. ప్రాసలు, పొల్లులు, అల్పాక్షరాల్లో అనల్పార్థం అంటూ ఇరవై నిమిషాలు చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది కూడా. ఆ రోజు వంటింట్లో, కాళ్ళ కింద నీళ్ళలో, చేతిలో పానాతో నిలబడి ఉండగా ఆ పిల్ల గుర్తొచ్చింది. తనకి నేను చెప్పిందంతా తప్పని అనను. కానీ పానా పట్టని చేత్తో చెప్పాను.

వాచ్‌మన్ పైన వాల్వు తెరిచాడు. కుళాయి దగ్గింది, తెనాలి దగ్గే. రెండుసార్లు దగ్గి, తెల్లగా పాలలా వచ్చి, తర్వాత తేటపడింది. కట్టేశాను. గోడ దగ్గర టిష్యూ కాగితం చుట్టి పెట్టాను, పదిసార్లు తాకి చూశాను, పొడిగా ఉంది. పానాకి నాలుగు వందలు, టేపుకి ముప్పై, వెనిగరుకి యాభై. ప్లంబరుకి ఇవ్వాల్సిన మూడు వందలు మిగిల్చాననుకున్నవాడికి నూట ఎనభై నష్టం. ఆ మూడు వందల దగ్గర కూడా నేను ఎన్నిసార్లు బేరమాడానో తలుచుకుంటే ఆ పూట భోజనం సరిగ్గా సయించలేదు. ముప్పావు చుట్టు నిండకముందే ఆగిపోవడం వల్ల మూతి సరిగ్గా కిందికి లేదు, కాస్త కుడికి వాలి ఉంది. మా ఆవిడ తల పక్కకి వంచి చూసి, "మీరు ఫొటో దిగినప్పుడు ఇలాగే ఉంటారు" అంది. రాత్రి పన్నెండింటికి మెలకువ వచ్చింది. చెవి కాచుకుంది. ఏమీ రాలేదు. ఇంకాసేపు కాచుకుంది.

రజ పండగ అయ్యాక, పది రోజులన్నవాడు పదహారో రోజున మా ప్లంబరు వచ్చాడు, బాత్రూములో ఫ్లష్ ట్యాంకు పని మీద. చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చి కుళాయి ముందు ఆగాడు. తిప్పలేదు. గోడ దగ్గర మెడని రెండు వేళ్ళతో పట్టుకుని ఒకసారి కదిపి చూశాడు, వైద్యుడు నాడి చూసినట్టు.

"ఎవరు పెట్టారు సార్?"

"ఎందుకు?" అన్నాను.

"టేపు మూడు చుట్లు ఎక్కువ. అందుకే వంకర నిలబడింది." ఇంకోసారి కదిపాడు. "కానీ కారదు."

చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.